పచ్చిక మీద ఇళ్లా, సోలార్ పలకలా? ఇంగ్లండు కౌన్సిళ్లు నిర్ణయించే తీరు

సభ్య విద్య: సంఘ సమావేశంలో చదివి చర్చించుకొనుటకు



పాల సంఘం పాలకవర్గంలో వున్నవారికి తరచు ఎదురయ్యే చిక్కు ఒకటి వుంది. తీర్మానం చేయడం తేలిక, ఎందుకు చేశామో చెప్పడం కష్టం. పాల సేకరణ కేంద్రం ఏ వీధిలో పెట్టాలి, శీతలీకరణ యంత్రం ఏ ఊరికి ఇవ్వాలి అన్నప్పుడు ఒకరికి లాభం, మరొకరికి దూరం తప్పదు. మనం మినిట్స్ బుక్కులో "చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని ఒక్క వాక్యం రాసి సంతకాలు పెట్టేస్తాము. ఆ వాక్యం ఎంతవరకు నిలుస్తుందో ఎవరూ అడగరు.

మనకన్నా ఎక్కువ పచ్చిక బయళ్లున్న ఇంగ్లండులో, ఆ పచ్చిక మీద ఇళ్లు కట్టాలా, సోలార్ పలకలు పరచాలా, ఆవులనే మేపుకోవాలా అన్నది స్థానిక కౌన్సిళ్లు నిర్ణయిస్తాయి. వాటి నిర్ణయాలు నిలిచిన సందర్భాలున్నవి, కోర్టులో కొట్టివేయబడిన సందర్భాలూ వున్నవి. మన చట్టాలు వేరు, మన భూముల సంగతి వేరు. అయినా పది మంది కూర్చొని ఒకరి భూమి గురించి తీర్పు చెప్పే పని ఎక్కడైనా ఒకటే కాబట్టి ఈ పాఠాన్ని ఎంచుకున్నాము.

మొదట హక్కు సంగతి. ఇంగ్లండులో 1947లో పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టం చేశారు. అది 1948 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. అప్పటి నుండి భూమికి యజమాని అయినంత మాత్రాన దానిలో కట్టడం కట్టే హక్కు రాదు. అనుమతి తీసుకోవాలి. ఇప్పుడు అమలులో వున్న ముఖ్య చట్టం 1990 నాటిది, సూత్రం మాత్రం పాతదే. సేద్యానికి అనుమతి అక్కరలేదు. పొలంలో గోధుమ తీసివేసి గడ్డి వేసినా, గడ్డి దున్ని మొక్కజొన్న వేసినా కౌన్సిల్ అడగదు. కాని అదే పొలంలో 200 ఇళ్లు లేవాలన్నా, వేల కొద్దీ పలకలు నిలబెట్టాలన్నా దరఖాస్తు పెట్టవలసిందే.

దరఖాస్తు పెట్టేవాడు భూమి యజమానే కానక్కరలేదన్నది మనకు వింతగా తోచవచ్చు. ఎవరైనా పెట్టవచ్చు. అయితే యజమానికి, ఆ భూమిని కౌలుకు సాగు చేస్తున్న రైతుకు ముందుగా నోటీసు ఇచ్చి, ఇచ్చినట్లు ధ్రువీకరణ జతచేయాలి. కౌలుదారుకు చెప్పకుండా అతని కాళ్ల కింది నేల మీద దరఖాస్తు నడవదన్న మాట. నోటీసు రావడం వేరు, భూమి నిలవడం వేరు. ఆ సంగతి తరువాత చెప్పుకుందాం.

మన గ్రామ పంచాయతీ వంటిది అక్కడ పారిష్ కౌన్సిల్. తన హద్దులో వచ్చిన దరఖాస్తుల గురించి తెలియజేయమని అది కోరవచ్చు, తన అభిప్రాయం పంపవచ్చు. నిర్ణయించే అధికారం మాత్రం దానికి లేదు. ఆ అధికారం పైనున్న జిల్లా కౌన్సిల్‌కో, జిల్లా, కౌంటీ పనులు రెండూ కలిపి చూసే ఏకీకృత కౌన్సిల్‌కో వుంటుంది. అక్కడ కూడా పదింట తొమ్మిదికి పైగా దరఖాస్తులను జీతం తీసుకొనే ప్రణాళికాధికారులే పరిష్కరిస్తారు. పెద్దవి, ఊరు గొడవ పడేవి మాత్రమే ఎన్నికైన సభ్యులతో కూడిన ప్రణాళికా సంఘం ముందుకు వస్తాయి. ఏవి అధికారికి వదలాలి, ఏవి సంఘానికి రావాలి అన్నదానికి దేశమంతటికీ ఒకే పద్ధతి పెట్టేందుకు 2025లో చేసిన చట్టంలో వీలు కల్పించారు. సభ్యుల చేతి నుండి పని జారిపోతున్నదని కొందరు, ఆలస్యం తగ్గుతుందని కొందరు దానిపై వాదించుకున్నారు.

గడువులు త్వరగా చెప్పుకొని ముందుకు సాగుదాం. చిన్న దరఖాస్తుకు 8 వారాలు, పెద్దదానికి 13 వారాలు, పర్యావరణ ప్రభావ నివేదిక అవసరమైనదానికి 16 వారాలు. పొలం దగ్గర నోటీసు అంటిస్తారు. అభ్యంతరాలకు మామూలుగా 21 రోజులు ఇస్తారు. సంఘ సమావేశానికి 5 పూర్తి రోజుల ముందు ఎజెండా, అధికారి నివేదిక ఎవరైనా చూసుకొనేటట్లు పెట్టాలి. సమావేశం బహిరంగంగా జరుగుతుంది. చాలా కౌన్సిళ్లలో అభ్యంతరం చెప్పేవారికి, దరఖాస్తుదారుకు చెరి మూడు నిమిషాలు మాట్లాడే అవకాశం ఇస్తారు. ఎవరెంత కన్నీరు పెట్టుకున్నా మూడు నిమిషాలే.

ఆ మూడు నిమిషాలలో ఏం మాట్లాడాలన్నదే అసలు విషయం. చట్టం ప్రకారం సంఘం లెక్కలోకి తీసుకోవలసినవి భూమి వినియోగానికి సంబంధించిన సంగతులు మాత్రమే. రోడ్డు లారీలను తట్టుకుంటుందా, వరద నీరు ఎటు పోతుంది, పక్క ఇంటికి వెలుతురు అడ్డమా, పాత కంచె చెట్లు, పక్షులు, కట్టడాలు ఏమవుతాయి, బడిలో చోటు వుందా, స్థానిక ప్రణాళికలో ఆ భూమిని దేనికి కేటాయించారు - ఇవి లెక్క. "మా కిటికీలోంచి కనిపించే దృశ్యం పోతుంది", "మా ఇంటి ధర పడిపోతుంది", "ఆ కాంట్రాక్టరు మంచివాడు కాదు" అన్నవి లెక్క కావు. అభ్యంతర పత్రాలు వెయ్యి వచ్చినా, అన్నింటిలో ఇంటి ధర సంగతే వుంటే ఆ వెయ్యికీ బరువు లేదు. పాల టాంకరు వెళ్లే సన్న దారిలో నిర్మాణ లారీలు ఎదురైతే పక్కకు తప్పుకొనే చోటు లేదని, ఫలానా మలుపు దగ్గర వెడల్పు ఇంత అని కొలిచి రాసిన ఒక్క పత్రానికి బరువు వుంటుంది. మన వారిలో కూడా అర్జీ అంటే సంతకాల సంఖ్య అనుకొనేవారు చాలామంది. సంతకాలు సేకరించడానికి పట్టే శ్రమలో సగం కొలతలు సేకరించడానికి పెడితే అర్జీ రూపమే మారిపోతుంది.

ఇళ్ల విషయానికి వస్తే అక్కడి కౌన్సిల్ చేతులు అనుకున్నంత స్వేచ్ఛగా లేవు. ప్రతి కౌన్సిల్ రాబోయే 5 ఏళ్లకు సరిపడా ఇళ్ల స్థలాలు తన దగ్గర వున్నవని చూపగలగాలి. చూపలేకపోతే జాతీయ విధానం ప్రకారం త్రాసు అనుమతి వైపు మొగ్గుతుంది. అంటే ప్రణాళికలో లేని పచ్చిక పొలానికి దరఖాస్తు వచ్చినా, దానివల్ల కలిగే కీడు మేలుకన్నా స్పష్టంగా ఎంతో ఎక్కువని చూపితే తప్ప కాదనడం కష్టం. 2024లో వచ్చిన లేబర్ ప్రభుత్వం ఆ పార్లమెంటు కాలంలో 15 లక్షల ఇళ్లు కట్టాలని లక్ష్యం పెట్టుకొని, అదే ఏడాది డిసెంబరులో జాతీయ విధానాన్ని మార్చి కౌన్సిళ్ల మీద లక్ష్యాలు పెంచింది. ఇళ్లు లేక అద్దెలు కట్టలేక యువకులు ఊరు విడిచిపోతున్న చోట ఆ ఒత్తిడిని తప్పుపట్టలేము. తాతల నాటి పచ్చిక పోయే చోట రైతు బాధనూ కొట్టిపారేయలేము.

కౌన్సిల్ కాదంటే దరఖాస్తుదారు 6 నెలలలోగా ప్రభుత్వ ప్రణాళికా ఇన్‌స్పెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. కౌన్సిల్ అసమంజసంగా కాదన్నదని తేలితే ఎదుటివారి ఖర్చులు కూడా కౌన్సిల్ చెల్లించవలసి రావచ్చు. కౌన్సిల్ సరేనంటే మాత్రం అభ్యంతరం చెప్పినవారికి అప్పీలు లేదు. 6 వారాలలో కోర్టుకు వెళ్లి, నిర్ణయం చేసిన పద్ధతిలో చట్ట విరుద్ధం వున్నదని చూపడం ఒక్కటే దారి. త్రాసులో ఈ తేడా వున్నదని అక్కడి పల్లెవాసులు ఏళ్ల తరబడి అంటూనే వున్నారు. నా దృష్టిలో వారి మాటలో న్యాయం వుంది.

ఆ ఒక్క దారిన వెళ్లి గెలిచిన కేసు ఒకటి వివరంగా చెబుతాను. ఇది మన పాలకవర్గ సభ్యులందరూ వినదగినది.

ఇంగ్లండు ఆగ్నేయ కొసన సముద్రపు ఒడ్డున డోవర్ అనే పట్టణం వుంది. దాని పడమటి పక్క ఫార్దింగ్‌లో అనే లోయ వుంది. అది ప్రకృతి సౌందర్యానికి ప్రత్యేక రక్షణ పొందిన కెంట్ డౌన్స్ ప్రాంతంలోనిది. అక్కడ 521 ఇళ్లు, వాటికి తోడు 90 వాటాల వృద్ధుల నివాసం, సమీపంలోని కొండ మీద హోటలు కట్టడానికి దరఖాస్తు వచ్చింది. ఆ కొండ మీది పాత కోట బాగుకు 50 లక్షల పౌన్లు ఇస్తామని కూడా కంపెనీ చెప్పింది. అధికారులు నివేదిక తయారుచేశారు. ఇళ్ల సంఖ్యను 365కు తగ్గిస్తే లోయకు జరిగే హాని తగ్గుతుందని, అలా తగ్గించినా ప్రాజెక్టు గిట్టుబాటు అవుతుందని సలహా ఇచ్చారు. 2013 జూన్‌లో సంఘం సమావేశమైంది. తగ్గిస్తే ప్రాజెక్టే ఆగిపోవచ్చని సభ్యులు భయపడ్డారు. చెట్లు నాటి మరుగు కల్పిస్తే హాని కనబడదన్నారు. అధికారుల సలహాను కాదని మొత్తం దరఖాస్తును ఆమోదించారు.

సభ్యులు అధికారి మాట కాదనడం తప్పు కాదు. ఎన్నికైనవారు వున్నదే అందుకు. గ్రామీణ ఇంగ్లండు రక్షణ సంస్థ కెంట్ శాఖ వారు కోర్టుకు వెళ్లినది ఆ కారణంతో కాదు. ఎందుకు కాదన్నారో మినిట్స్ చూస్తే తెలియడం లేదని వెళ్లారు. మినిట్స్‌లో కారణాలు బొత్తిగా లేవని కాదు. పట్టణానికి ఆర్థిక లాభమని, మరుగు కల్పించవచ్చునని వున్నది. కాని చెట్ల మరుగు అంతగా పనిచేయదని అధికారి రాసినప్పుడు ఏ ఆధారంతో పనిచేస్తుందన్నారు? తగ్గించినా గిట్టుతుందని నిపుణులు లెక్క చూపినప్పుడు ఏ లెక్కతో గిట్టదన్నారు? దానికి జవాబు లేదు. మొదట హైకోర్టు ఆ సంస్థ వాదనను తోసిపుచ్చింది. 2016లో అప్పీలు కోర్టు అనుమతిని కొట్టివేసింది. 2017 డిసెంబరు 6న దేశపు సుప్రీంకోర్టు కౌన్సిల్ అప్పీలును తిరస్కరించింది. రక్షిత ప్రాంతంలో, అధికారి సలహాకు విరుద్ధంగా, ఇంత పెద్ద అనుమతి ఇచ్చేటప్పుడు ప్రజలకు అర్థమయ్యే కారణాలు చెప్పడం బాధ్యత అన్నది. కారణం కనబడకపోతే సంఘం విషయాన్ని సరిగా అర్థం చేసుకొనే ఓటు వేసిందా అన్న అనుమానం మిగిలిపోతుంది.

2013 జూన్ నుండి 2017 డిసెంబరు దాకా నాలుగున్నర ఏళ్లు. ఇళ్లు లేవలేదు, కోటకు డబ్బు రాలేదు, లాయర్లకు ఖర్చు అయింది. ఆనాడు సమావేశంలో మరో అరగంట కూర్చొని రెండు పేరాలు రాసి వుంటే ఏమయ్యేదో! రాయడానికి ప్రయత్నించి వుంటే, తమ దగ్గర సరైన కారణం లేదని సభ్యులకే తోచి వుండేదేమో కూడా. కారణం రాయమనడంలోని అసలు ఉపయోగం అదే. కలం పట్టుకున్నప్పుడే మన ఆలోచనలోని చిల్లులు మనకు కనబడతాయి.

ఇక సోలార్ పొలాలు. ఇంగ్లండు ప్రభుత్వ విధాన పత్రంలో ఇచ్చిన లెక్క ప్రకారం 50 మెగావాట్ల పొలానికి లక్ష నుండి లక్షన్నర దాకా పలకలు, 125 నుండి 200 ఎకరాల భూమి కావాలి. చాలా కాలం వరకు 50 మెగావాట్లు దాటినవి కౌన్సిల్ చేతిలో వుండేవి కావు. 2008 చట్టం ప్రకారం అవి జాతీయ ప్రాముఖ్యం గల పనులు కాబట్టి కేంద్ర మంత్రి నిర్ణయించేవారు. అందుచేత కంపెనీలు 49.9 మెగావాట్లకు దరఖాస్తు పెట్టడం మామూలైపోయింది. పాల డబ్బా అంచు దాకా నింపి గరిటెడు తగ్గించినట్లు! 2025 డిసెంబరు 31 నుండి ఆ హద్దును 100 మెగావాట్లకు పెంచారు. కాబట్టి ఇకమీదట పెద్ద పెద్ద సోలార్ దరఖాస్తులు కూడా స్థానిక సంఘాల ముందుకే వస్తాయి.

హద్దు దాటితే స్థానిక అభిప్రాయం ఏమవుతుందో చెప్పడానికి సన్నికా సంగతి చాలు. సఫోక్, కేంబ్రిడ్జిషైర్ సరిహద్దులో సుమారు 2,500 ఎకరాలలో 500 మెగావాట్ల ప్రాజెక్టు అది. ఆ ప్రాంతపు కౌన్సిళ్లు వ్యతిరేకించాయి. విచారణ జరిపిన ఇన్‌స్పెక్టర్లు కూడా వద్దని సిఫారసు చేశారు. 2024 జూలై 12న ఇంధన మంత్రి ఎడ్ మిలిబాండ్ దానిని ఆమోదించారు. అదే రోజు మరో రెండు పెద్ద సోలార్ ప్రాజెక్టులకూ అనుమతి ఇచ్చారు. ఆయన కూడా కారణాలు రాసి ఇచ్చారన్నది గమనించాలి. దేశానికి కర్బన కాలుష్యం లేని కరెంటు అవసరమన్న బరువు మిగిలిన అభ్యంతరాల కన్నా ఎక్కువని ఆయన తూచారు. ఆ తూకంతో మీరు ఏకీభవించవచ్చు, ఏకీభవించకపోవచ్చు. ఎక్కడ తేడా వచ్చిందో మాత్రం కాగితం మీద కనబడుతుంది.

పాడి రైతులుగా మనకు దగ్గరగా తగిలే విషయం భూమి తరగతి. ఇంగ్లండులో సాగు భూమిని 1 నుండి 5 తరగతులుగా విభజించారు. మూడవదానిని 3ఎ, 3బి అని మళ్లీ రెండుగా చీల్చారు. 1, 2, 3ఎ కలిపి ఉత్తమ భూమి. సోలార్ పొలాలను వీలైనంత వరకు తక్కువ తరగతి భూమికి పంపాలన్నది విధానం. వినడానికి ఎంతో సబబుగా వున్నది. మంచి పంట భూమి మీద పలకలు వేయమని ఎవరంటారు?

కాని ఆ తరగతుల నిర్వచనం చదివి చూడండి. 3బి అంటే కొద్ది రకాల పంటలకు మధ్యస్థ దిగుబడి ఇచ్చే భూమి, లేదా ఏడాదిలో ఎక్కువ కాలం మేపుకొనేందుకో కోసుకొనేందుకో గడ్డి బాగా ఎక్కువగా పండే భూమి. 4వ తరగతి ప్రధానంగా గడ్డికి తగినది. అంటే నాగలికి చెమ్మ ఎక్కువై, గోధుమకు పనికిరాక, ఆవు కడుపు నింపే పచ్చిక బయలు కొలతలో కిందికి పోతుంది. నేల, వాన, వాలు చూసి ఎన్ని రకాల పంటలు పండించవచ్చునన్నదే ఆ కొలతకు ప్రాణం. ఆవు పాలను గేదె పాల వెన్న శాతంతో కొలిచి "ఇవి నాసి పాలు" అన్నట్లుంటుంది. సోలార్ కంపెనీ తన భూమి నివేదికలో "ఇది ఉత్తమ భూమి కాదు, 3బి" అని నిజమే రాస్తుంది. సంఘ సభ్యులు తల వూపుతారు. ఆ 3బి భూమి మీద ఎన్ని ఆవులు బతుకుతున్నవన్న ప్రశ్న నివేదికలో వుండదు, ఎవరైనా లేచి అడిగితే తప్ప.

దేశపు పటంలో 3ఎ, 3బి విడివిడిగా చూపించలేదు. 3 అని మాత్రమే వుంటుంది. ఆ పొలం ఏదో తెలియాలంటే గోతులు తీసి మన్ను పరీక్షించాలి. ఆ పరీక్ష సామాన్యంగా దరఖాస్తుదారే చేయించుకొని తెస్తాడు. కాబట్టి తెలివైన పారిష్ కౌన్సిళ్లు నివేదికను ఊరికే నమ్మకుండా గోతులు ఎక్కడ తీశారు, ఎన్ని తీశారు అని అడుగుతాయి. మన కేంద్రంలో నమూనా ఎక్కడ నుండి తీశారన్నది అడగకుండా వెన్న శాతం ఒప్పుకొనే సభ్యుడు వున్నాడా?

"పలకల కింద పశువులు మేపుకోవచ్చు కదా" అని కంపెనీలు అంటాయి. గొర్రెలకు అది నిజం, ఎన్నో చోట్ల మేపుతున్నారు. ఆవుల సంగతి వేరు. మామూలు ఎత్తున కట్టిన పలకల అంచుకు ఆవు వీపు తగులుతుంది, కమ్మీలకు రాసుకుంటుంది, తీగెలు తెంపుతుంది. పైగా పాడి ఆవు రోజుకు రెండు సార్లు పాలకొట్టానికి నడిచి రావాలి. కాబట్టి "మేత కొనసాగుతుంది" అన్న మాట వినబడినప్పుడు ఏ పశువుకు అని వెంటనే అడగాలి.

అనుమతులు సాధారణంగా 40 ఏళ్లకు ఇస్తారు. గడువు తీరాక పలకలు తీసివేసి నేలను పూర్వ స్థితికి తేవాలని షరతు పెడతారు. కాబట్టి ఇది శాశ్వత నష్టం కాదంటారు. ఇళ్లతో పోలిస్తే అది నిజమే, ఇల్లు లేచిన చోట మళ్లీ గడ్డి మొలవదు. కాని 40 ఏళ్లంటే ఒక రైతు పని చేసే వయస్సు మొత్తం. పాలకొట్టం పాడుపడుతుంది, మంద చెదిరిపోతుంది, కొడుకు వేరే పనికి పోతాడు.

కౌలు రైతు సంగతి చెబుతానన్నాను. యజమానికి ఏటా అద్దె వస్తుంది, అదీ పాల ధర పడినా పడకుండా. అతన్ని తప్పుపట్టలేము. కాని ఆ భూమిని కౌలుకు చేస్తున్న రైతుకు అనుమతి పత్రమే ఉద్వాసన పత్రం కావచ్చు. 1986 చట్టం కింది పాత కౌలుదారులకు బలమైన రక్షణ వుంది. అయినా సేద్యం కాని పనికి ప్రణాళికా అనుమతి వచ్చి, అందుకు భూమి కావలసి వస్తే ఖాళీ చేయమని నోటీసు ఇవ్వడానికి అది ఒక చట్టబద్ధమైన కారణం. పరిహారం వుంటుంది, భూమి వుండదు. 1995 తరువాతి కౌళ్లకు ఆపాటి రక్షణ కూడా లేదు, గడువు ముగిస్తే అంతే. ఇక ప్రణాళికా సంఘం చూసేది భూమి వినియోగాన్ని. ఒక వ్యక్తి కష్టనష్టాలకు అక్కడ బరువు దొరకడం అరుదు. ఈ పద్ధతి మొత్తంలో నాకు మింగుడుపడనిది ఇదే. నోటీసు అందుకొనే హక్కు ఇచ్చి, ఆ నోటీసు అందుకున్నవాని బతుకును త్రాసులో పెట్టడానికి వెనుకాడడం!

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. గ్లాస్టర్‌షైర్‌లో టిడెన్‌హామ్ అనే ఊరి దగ్గర సెవర్న్‌డేల్ పొలంలో ఒక్క గాలిమర పెట్టడానికి దరఖాస్తు వచ్చింది. సోలార్ కాకపోయినా సూత్రం దానికీ వర్తిస్తుంది. విశేషమేమంటే ఆ గాలిమరను నడపబోయేది సహకార చట్టం కిందికి వచ్చే ప్రజాప్రయోజన సంఘం, అంటే మన బంధువర్గమే. వార్షిక టర్నోవరులో 4 శాతం ఊరి నిధికి ఇస్తామన్నారు. ఫారెస్ట్ ఆఫ్ డీన్ జిల్లా కౌన్సిల్ ఆ విరాళాన్ని కూడా మేలు కింద లెక్కించి అనుమతి ఇచ్చింది. స్థానికుడొకరు కోర్టుకు వెళ్లారు. మూడు కోర్టులలోనూ కౌన్సిల్ ఓడిపోయింది. 2019 నవంబరు 20న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. విరాళం గాలిమర వల్ల భూమి వినియోగంలో వచ్చే మార్పుకు సంబంధించినది కాదు. దానిని త్రాసులో వేస్తే అనుమతిని అమ్మినట్లు, కొన్నట్లు అవుతుంది.

మంచి పనికి ఇచ్చే డబ్బు, ఇచ్చేదీ సహకార సంఘమే, ఊరికి మేలే కదా అని మనకు అనిపిస్తుంది. ఆ కౌన్సిల్‌కూ అలాగే అనిపించింది. కాని ఈరోజు మంచి సంఘం 4 శాతం ఇస్తే లెక్కించినవారు, రేపు వేరొకరు గుడికి గోపురం కట్టిస్తామంటే ఏ ముఖంతో కాదంటారు? ఇవ్వవద్దని కోర్టు అనలేదు. ఇచ్చుకోవచ్చు, పుచ్చుకోవచ్చు. ఓటు వేసేటప్పుడు మాత్రం దానిని చూడరాదు. బడికి గది, రోడ్డు వెడల్పు, తక్కువ ధర ఇళ్లలో వాటా వంటివి ఆ నిర్మాణం వల్లనే అవసరమైనవి కాబట్టి ఒప్పందంగా రాయించుకోవచ్చు. వాటికీ విరాళానికీ గీత అక్కడ వుంది.

ఇలాంటిదే మరొక నియమం. దరఖాస్తులో తనకు గాని భార్యకు లేక భర్తకు గాని ఆర్థిక ప్రయోజనం వున్న సభ్యుడు 2011 స్థానికత చట్టం ప్రకారం దానిని బయటపెట్టాలి, చర్చలోను ఓటులోను పాల్గొనరాదు. సరైన కారణం లేకుండా దాచిపెట్టి పాల్గొంటే అది నేరం. అదే చట్టం మరో మాట కూడా చెబుతుంది. సభ్యుడు ముందే ఒక అభిప్రాయం పైకి చెప్పినంత మాత్రాన మనసు మూసుకొని వచ్చాడని అనుకోరాదు. ఊళ్లో అభిప్రాయం చెప్పవచ్చు, సమావేశంలో వాదనలు విని మార్చుకొనేందుకు సిద్ధంగా వుండాలి. తమ్ముని స్థలంలో పాల కేంద్రం పెట్టే తీర్మానానికి అన్న చేయి ఎత్తడం మన సంఘాలలో ఎవరూ పట్టించుకోని విషయం. అక్కడి సభ్యుడయితే ముందు ఆ బంధుత్వాన్ని బయటపెట్టి, తాను కూర్చోవచ్చునా అని కౌన్సిల్ న్యాయాధికారిని అడుగుతాడు.

మన దగ్గరి సంగతి రెండు మాటలు. అనంతపురం సరిహద్దును ఆనుకొని, తెలుగు మాట్లాడేవారు ఎందరో వున్న కర్ణాటకలోని పావగడలో 2019 నాటికి 2,050 మెగావాట్ల సోలార్ పార్కు పూర్తయింది. సుమారు 13,000 ఎకరాలు రైతుల నుండి కొనకుండా కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి రెండేళ్లకొకసారి 5 శాతం పెంచే ఒప్పందం. వరుస కరువులు చూసిన ఆ నేలకు అది చిన్న మొత్తం కాదు. కర్నూలు దగ్గర గని, శకునాల ఊళ్ల వద్ద 1,000 మెగావాట్ల పార్కు 2017లో పూర్తయింది. ఇలాంటి చోట్ల భూమి వున్నవానికి కౌలో పరిహారమో వస్తుంది. భూమి లేక ఆ బీళ్లలో నాలుగు గొర్రెలు, రెండు పశువులు తోలుకొని బతికేవానికి కౌలు కాగితంలో పేరు వుండదు. ఇంగ్లండు కొలతలో పచ్చిక 3బి అయినట్లే మన దస్తావేజులలో మేత నేల బీడనో, బంజరనో, పోరంబోకనో వుంటుంది. మన కేంద్రానికి వచ్చే పాలలో కొంత ఆ "పనికిరాని" నేల నుండే వస్తున్నది.

చర్చకు. మీ సంఘం మినిట్స్ బుక్కులో గత ఏడాది తీర్మానాలు ఐదు తీసుకొని చదవండి. ఆనాడు సమావేశానికి రాని సభ్యునికి అది చదివితే కారణం తెలుస్తుందా? కార్యదర్శి గాని సూపర్‌వైజరు గాని ఇచ్చిన సలహాను కాదన్న సందర్భం వుంటే, ఎందుకు కాదన్నారో ఎక్కడైనా రాసివున్నదా? ఎవరైనా సభ్యుడు తన ప్రయోజనం వున్నదని చెప్పి లేచి బయటికి వెళ్లిన సందర్భం మీకు గుర్తున్నదా? మీ ఊళ్లో పాలు పోసే కుటుంబాలలో సొంత భూమి లేక బీటి మేతపై ఆధారపడేవి ఎన్ని, రోజుకు ఎన్ని లీటర్లు? రేపు ఆ భూమికి లేఅవుటు గాని సోలార్ కంపెనీ గాని వస్తే ఈ లెక్క ఎవరి దగ్గర సిద్ధంగా వుంది? ఆ నేల సర్వే నంబర్లు, అడంగల్‌లో దాని పేరు ఏమని వున్నదో నకలు తీసి కార్యదర్శి వచ్చే నెల సమావేశానికి తెచ్చి పెడితే చర్చ సులువవుతుంది.